చలించే సూర్యుడు సాక్షి కాగలడా?

తెలుగువారు సూర్యుణ్ని కర్మసాక్షి అని పిలవడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ పిలుపు వెనుక ఒక తాత్త్విక ప్రతిపాదన ఉందన్న ఊహ సాధారణంగా ఎవరికీ రాదు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసే గృహస్థుడైనా, అరసవల్లిలో లేతకిరణాలు మూలవిరాట్టు మీద పడే రోజు కోసం వేచి ఉండే యాత్రికుడైనా, సూర్యుడు పైనుంచి అన్నీ చూస్తున్నాడనీ, చూస్తున్నవాటిలో దేనికీ లోనుకాకుండా ఉన్నాడనీ నమ్ముతారు. ఈ రెండు నమ్మకాలూ ఒకదానికొకటి ఆసరా. అన్నిచోట్లా ఉండి చూడకపోతే సాక్ష్యం అసంపూర్ణమవుతుంది; చూసేవాడు తానే ఉద్రేకానికి లోనైతే అది పక్షపాతమవుతుంది. సూర్యుడి అయస్కాంత చలనం గురించీ, విస్ఫోటాల గురించీ నూరేళ్లకు పైగా సాగుతున్న పరిశోధన ఈ రెండింటినీ గట్టిగా ప్రశ్నిస్తున్నది. ఆ ప్రశ్నలను దగ్గరగా పరిశీలించడానికి పూర్వపు కోలారు జిల్లాకు మించిన చోటు దొరకడం కష్టం. ఆ జిల్లాలో పడమట గౌరీబిదనూరు దగ్గర సూర్యుడి ఉద్రేకాన్ని కొలిచే రేడియో దూరదర్శిని ఉంది; తూర్పున సూర్యరశ్మి ఎన్నడూ చేరని లోతుల్లో మనుషులు పనిచేసిన బంగారు గనులున్నాయి. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా విడిపోయాక గౌరీబిదనూరు అందులో చేరింది గాని, భాషలోనూ జీవనంలోనూ ఆ రెండు ప్రాంతాలూ తెలుగు, కన్నడం కలిసి పారే ఒకే సీమ.

సూర్యుడు చలిస్తాడన్నది ఆలంకారికమైన మాట కాదు. సూర్యగోళం ప్లాస్మాతో, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి విద్యుత్తును మోయగలిగిన వేడి వాయువుతో నిండి ఉంటుంది. అది ఘనపదార్థం కాదు కాబట్టి అంతా ఒకే వేగంతో తిరగదు. మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజుల్లో ఒక చుట్టు పూర్తయితే, ధ్రువాల దగ్గర అదే చుట్టుకు సుమారు 35 రోజులు పడుతుంది. ప్లాస్మాతో పాటు లాగబడే అయస్కాంత బలరేఖలు ఈ వేగభేదం వల్ల ఏళ్ల తరబడి చుట్టుకుని, పురి ఎక్కిన తాడులా బిగిసి, అక్కడక్కడ ఉపరితలాన్ని చీల్చుకుని పైకి లేస్తాయి. అలా లేచిన చోట్లే సూర్యబింబం మీద నల్లని మచ్చలుగా కనిపిస్తాయి. ఆ మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జి ఎలరీ హేల్ నిరూపించాడు. పెద్ద మచ్చల్లో అది 3,000 గాస్‌ల వరకూ ఉంటుంది, భూమిమీద మనకు తెలిసిన క్షేత్రమైతే అర గాస్ మాత్రమే. మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతుంది, ప్రతిసారీ ధ్రువాల అయస్కాంత దిశ తారుమారవుతుంది. బిగుసుకున్న బలరేఖలు తెగి మళ్లీ వేరేవిధంగా అతుక్కునేటప్పుడు వాటిలో దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. వెలుగుగా, ఎక్స్ కిరణాలుగా బయటపడితే దాన్ని సౌరజ్వాల అంటారు. వందల కోట్ల టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రంతో సహా అంతరిక్షంలోకి విసిరివేయబడితే దాన్ని కరోనా ద్రవ్యోద్గారం అంటారు. జ్వాల వెలుగు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరుతుంది, ఉద్గారానికి మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది.

ఈ జ్ఞానంలో తెలుగు నేలకు పాత వాటా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియర్ జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ టెన్నంట్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోనూ, ఆ వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ గ్రహణాన్ని పరిశీలించారు. చంద్రుడి నల్లని అంచు వెంట ఎర్రగా లేచి కనిపించే ప్రోత్తుంగ జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువుతో కూడినవని ఆ రోజు వర్ణపటంలోని రేఖలు చెప్పాయి. మరునాడు జాన్సెన్ గ్రహణం లేకుండానే, మామూలు పగటి సూర్యుడి అంచున అవే జ్వాలలను చూడగలిగాడు. ఆ జ్వాలలను అలా నిలిపి ఉంచేది అయస్కాంత క్షేత్రమేననీ, అది సడలినప్పుడు అవే విస్ఫోటాలుగా ఎగసిపోతాయనీ తెలియడానికి మరో శతాబ్దం పట్టింది. ఆ సంగతి తెలిశాక, ప్రశాంతంగా వెలిగే బింబం అన్న ఊహ కంటికి ఎంత నిజమైనా జ్ఞానానికి నిజం కాకుండా పోయింది.

నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే నెల్లూరువారి పెన్న, గౌరీబిదనూరు మీదుగా సాగుతుంది. ఆ ప్రాంతంలో 1976 నుంచి బెంగళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి నడిపిన డెకామీటరు తరంగ దూరదర్శినిలో వెయ్యి డైపోల్ యాంటెన్నాలు టి ఆకారంలో, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు పరచి ఉండేవి. సి.హెచ్.వి. శాస్త్రి వంటివారు ఆ కృషికి పునాది వేశారు. 1997 నుంచి అక్కడే సూర్యుడి కోసమే నిర్మించిన రేడియో హీలియోగ్రాఫ్ పనిచేస్తున్నది. హీలియోగ్రాఫ్ అంటే సూర్యబింబాన్ని రేడియో తరంగాల్లో చిత్రించే సాధనం. దాని యాంటెన్నాను దగ్గరగా చూస్తే అందులో ఆడంబరం ఏమీ కనిపించదు. ఒక కాడకు రెండువైపులా పొడవు క్రమంగా తగ్గుతూ పోయే లోహపు కడ్డీల వరుస మాత్రమే ఉంటుంది, పొడవైన కడ్డీ తక్కువ పౌనఃపున్యాన్నీ పొట్టి కడ్డీ ఎక్కువ పౌనఃపున్యాన్నీ అందుకుంటుంది. అలాంటివి వందలకొద్దీ వరుసల్లో నిలబడి అద్దం గాని కటకం గాని లేకుండానే సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా చిత్రాన్ని ఇస్తాయి. పది లక్షల డిగ్రీలకు మించి కాగే ఆ కరోనా గ్రహణ సమయంలో తప్ప మామూలు కంటికి కనబడదు.

ఇక్కడ జరిగే అనుమానం, అంటే కనిపించే గుర్తు (లింగం) నుంచి కనిపించని విషయాన్ని (సాధ్యాన్ని) తెలుసుకునే ప్రక్రియ, న్యాయశాస్త్రవేత్తలైన నైయాయికులు మెచ్చుకోదగినంత స్పష్టంగా ఉంటుంది. ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఎంతో దాని వర్గమూలానికి అనుగుణంగా ఆ ప్లాస్మా ఒక నిర్దిష్ట పౌనఃపున్యంలో కంపిస్తుంది. కరోనాలో పైకి పోయేకొద్దీ సాంద్రత తగ్గుతుంది కాబట్టి ఆ పౌనఃపున్యమూ తగ్గుతుంది. విస్ఫోటం ముందు దూసుకుపోయే ఆఘాత తరంగం పైకి ఎక్కుతూ ఉంటే, గౌరీబిదనూరు యాంటెన్నాలకు అందే రేడియో ఘోష కూడా నిమిషాల వ్యవధిలో ఎక్కువ పౌనఃపున్యం నుంచి తక్కువకు జారుతుంది. 80 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలైన ఘోష 40కి దిగిందంటే, తరంగం చేరిన చోట ఎలక్ట్రాన్ల సాంద్రత నాలుగో వంతుకు పడిపోయిందని అర్థం. ఆ సాంద్రత ఏ ఎత్తులో ఉంటుందో తెలిస్తే వేగమూ తెలుస్తుంది. ఇలాంటి ఘోషను రెండో రకం రేడియో విస్ఫోటమని వర్గీకరించారు. రేడియో తరంగాల ధ్రువణాన్ని, అంటే తరంగం ఏ వైపు తిరుగుతూ కంపిస్తున్నదన్న లక్షణాన్ని కొలిచి, మరే విధంగానూ సులువుగా కొలవలేని కరోనా అయస్కాంత క్షేత్రాన్ని కూడా ఇక్కడి పరిశోధకులు అంచనా కడుతున్నారు. ఈ రంగంలో ఏళ్ల తరబడి కృషిచేసిన ఆర్. రమేష్, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 నౌకలోని కరోనా దర్శినికి ప్రధాన పరిశోధకుడయ్యారు. ఆ నౌక 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యను చేరింది.

ఈ సూర్యుణ్ని ఎదుట పెట్టుకుని సంప్రదాయాన్ని చదివితే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. కఠోపనిషత్తులో ఆత్మ నిర్లేపత్వానికి, అంటే దేనిచేతా అంటబడకపోవడానికి, సూర్యుడే దృష్టాంతం. లోకానికంతటికీ కన్ను అయిన సూర్యుడికి కళ్లలోని దోషాలు అంటనట్లే, అన్నింటిలోనూ ఉన్న ఆత్మకు లోకదుఃఖం అంటదని ఆ ఉపనిషత్తు చెబుతుంది. దృష్టాంతం ఏ అంశానికి చెప్పారో ఆ అంశానికే పరిమితమనీ, సూర్యుడి ఉపరితలం కుతకుతలాడితే ఆత్మకు వచ్చిన లోపమేమీ లేదనీ వేదాంతి జవాబు చెప్పగలడు. ఆ జవాబు న్యాయమైనదే. అంతకన్నా లోతైన జవాబు బృహదారణ్యకంలోని అంతర్యామి ప్రకరణంలో ఉంది. సూర్యుడిలో ఉంటూ, సూర్యుడికి తెలియకుండా, సూర్యుణ్ని శరీరంగా కలిగి లోపలినుంచి నడిపేవాడొకడున్నాడని అక్కడ చెప్పారు. దీన్ని అంగీకరిస్తే విస్ఫోటాలన్నీ శరీర ధర్మాలవుతాయి, లోపలివాడు అచంచలంగా మిగులుతాడు.

అయితే ఈ రెండో జవాబు ఎంత గంభీరమైనదో అంత సులువైన తప్పించుకోలు కూడా అయ్యే ప్రమాదం ఉంది. కంటికి కనబడే సూర్యుడి గురించి ఏది తెలిసినా అది శరీరం సంగతే అని పక్కన పెట్టడం మొదలుపెడితే, పొద్దున్నే దోసిటనిండా నీళ్లు తీసుకుని అర్ఘ్యం ఇచ్చే మనిషి ఎవరికి ఇస్తున్నాడన్నది అర్థంలేని ప్రశ్న అవుతుంది. అతను నమస్కరించేది ఎదుట వెలిగే ఈ సూర్యుడికే. కాబట్టి ఈ సూర్యుడి గురించి తెలిసిన నిజం భక్తిని ఎక్కడో ఒకచోట తాకక తప్పదు. తాకకపోతే ఆ భక్తికి సూర్యుడితో సంబంధం లేదని ఒప్పుకున్నట్లే.

మొదట పక్షపాతం మాట చూడాలి. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈశ్వరుడికి వైషమ్యం, నైర్ఘృణ్యం, అంటే పక్షపాతమూ దయలేనితనమూ ఉన్నాయన్న ఆక్షేపణను సూత్రకారుడే ఎత్తి తోసిపుచ్చాడు. శంకరుల భాష్యం అక్కడ వానను ఉదాహరిస్తుంది: వరికీ యవలకూ వాన సమాన కారణమే, పంటల్లోని భేదం విత్తనాల సామర్థ్యంలో ఉంది. సౌర విస్ఫోటాల చరిత్ర ఈ వాదానికి అనుకోని విధంగా దగ్గరగా నడుస్తుంది. 1989 మార్చి 13న ఒక ఉద్గారం వల్ల భూ అయస్కాంత క్షేత్రం కల్లోలమైనప్పుడు కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మంది గంటల తరబడి కరెంటు లేకుండా ఉన్నారు. ఆ రాష్ట్రం అయస్కాంత ధ్రువానికి దగ్గరగా ఉండడం, అక్కడి ప్రాచీన శిలలు విద్యుత్తును సరిగా పోనివ్వకపోవడంతో ప్రేరిత విద్యుత్తు పొడవైన విద్యుత్ తీగల్లోకి మళ్లడం దానికి కారణాలు. 2024 మే 10, 11 తేదీల్లో రెండు దశాబ్దాల్లోకెల్లా బలమైన భూ అయస్కాంత తుపాను వచ్చి లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది, అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో ఉన్న కోలారు పల్లెల్లో మాత్రం ఏ మార్పూ కనబడలేదు. విస్ఫోటం ఎవరినీ గురిచూసి కొట్టదు. భేదమంతా రాయిలో, అక్షాంశంలో, తీగల అమరికలో ఉంది. అయితే శంకరుల వాదంలో విత్తనం స్థానంలో ఉండేది జీవుల పూర్వకర్మ; క్యుబెక్ ప్రజల మీద ఆ నింద మోపడం అన్యాయమవుతుంది, అందువల్ల ఈ పోలికను నిష్పాక్షికత వరకే తీసుకోవడం ఉచితం.

ఇంకొక సంగతి ఈ నిష్పాక్షికతను మరింత చిక్కుపరుస్తుంది. సౌరకుటుంబం వెలుపలినుంచి ఎడతెగక వచ్చే విశ్వకిరణాలు, అంటే అత్యధిక శక్తిగల ప్రోటాన్లు తదితర కణాలు, సూర్యుడి అయస్కాంత చలనం ఎక్కువగా ఉన్న ఏళ్లలో భూమిని తక్కువగా చేరతాయి. ఒక పెద్ద ఉద్గారం భూమిని దాటిపోతున్నప్పుడు వాటి సంఖ్య కొన్ని రోజులపాటు పడిపోతుంది. దీన్ని 1930ల్లో స్కాట్ ఫోర్బుష్ గుర్తించాడు. దీనికి విరుద్ధంగా 2015 జూన్ 22న ఒక ఉద్గారం భూమి అయస్కాంత కవచాన్ని తాత్కాలికంగా బలహీనపరచడంతో, ఊటీలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి గ్రేప్స్-3 దూరదర్శిని రెండు గంటలపాటు విశ్వకిరణాల పెరుగుదలను నమోదు చేసింది. ఒకే రకం ఘటన ఒకసారి కాపాడుతుంది, మరొకసారి కవచాన్ని సడలిస్తుంది. కోపమనీ అనుగ్రహమనీ పేర్లు పెట్టడానికి ఇక్కడ ఆధారమే దొరకదు. తుపాను వార్త వచ్చిన ప్రతిసారీ సూర్యుడి ఆగ్రహమని శీర్షికలు కట్టే అలవాటు శాస్త్రానికే కాదు, భక్తికీ అపచారమే.

రెండో లక్షణం అన్నిచోట్లా ఉండి చూడడం. ఇది కోలారు బంగారు గనుల్లో మరీ కఠినమైన పరీక్షకు నిలబడాల్సి వస్తుంది. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపిన ఆ గనులు ఊర్గాం, నందిదుర్గ్, మైసూరు, ఛాంపియన్ రీఫ్ పేర్లతో క్రమంగా మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగాయి. లోతున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలి సొరంగాలు కూలేవి. రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకునేది. తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన, ఎక్కువగా దళితులైన కార్మికులు ఆ చీకట్లో నూరేళ్లకు పైగా పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. రాబర్ట్‌సన్‌పేట చుట్టూ మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీద ఎండ పడుతుంది గాని, ఆ మట్టిని తవ్వి తీసిన చోట ఎన్నడూ పడలేదు. కర్మసాక్షి అన్నవాడు ఆ శ్రమను చూశాడా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, దాన్ని కవిత్వంతో దాటవేయకూడదు.

ఈ గనుల్లోనే ఆ ప్రశ్నకు ఒక వింత జవాబు దొరికినట్టు కనిపిస్తుంది. 1950ల మొదట్లోనే బి.వి. శ్రీకంటన్ ఇక్కడ వివిధ లోతుల్లో మ్యూఆన్లను, అంటే విశ్వకిరణాలు వాయుమండలాన్ని ఢీకొన్నప్పుడు పుట్టి కిందికి చొచ్చుకువచ్చే కణాలను లెక్కించారు. అంత లోతుకు చేరేవి అపారమైన శక్తిగలవి, వాటి మాతృకణాల దారిని సూర్యుడి అయస్కాంత క్షేత్రం పెద్దగా మార్చలేదు. అంటే సూర్యుడి ఉద్రేకం గని అడుగున నామమాత్రం. అన్నింటికన్నా లోతున మ్యూఆన్ల జాడే దాదాపు లేకపోవడం చూసి, అక్కడ న్యూట్రినోలను వెదకవచ్చన్న ఆలోచన బలపడింది. న్యూట్రినో విద్యుదావేశం లేని కణం, పదార్థంతో అతి అరుదుగా మాత్రమే తగులుకుంటుంది. ఎం.జి.కె. మీనన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, శ్రీకంటన్, వారితోపాటు జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం పరిశోధకులు కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు, నియాన్ గొట్టాలు, సీసపు దిమ్మలు నిలువు గోడలుగా నిలబెట్టారు. గోడలు నిలువుగా ఉండడంలోనే వారి తర్కమంతా ఉంది: పైనుంచి వచ్చే మ్యూఆన్లు ఆ లోతుకు దాదాపు నిట్టనిలువుగానే రాగలవు, పక్కనుంచి రావాలంటే మరెన్నో రెట్లు రాయిని దాటాలి, కాబట్టి గోడను అడ్డంగా దాటిన కణం దగ్గర్లోని రాతిలో ఒక న్యూట్రినో తగిలి పుట్టించినదే అయివుండాలి. 1965లో అలాంటి జాడలు దొరికాయి. వాయుమండలంలో పుట్టిన న్యూట్రినోలను ప్రపంచంలో మొట్టమొదట గుర్తించిన ప్రయోగాల్లో అది ఒకటి. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందం అదే ఏడు అదే పని చేసింది.

సూర్యుడి గర్భంలో పుట్టే న్యూట్రినోలు వేరు. అవి కోలారు పరికరాలకు అందనంత తక్కువ శక్తిగలవి. వాటిని రేమండ్ డేవిస్ అమెరికాలోని హోమ్‌స్టేక్ అనే మరో బంగారు గనిలో పట్టుకున్నాడు. భూమిమీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్లు అలాంటివి సాగిపోతాయి, రాత్రివేళ భూగోళాన్ని కిందినుంచి దాటి కూడా వస్తాయి. అంటే ఛాంపియన్ రీఫ్ అడుగున సుత్తి పట్టిన మనిషి దేహం గుండా ప్రతి క్షణమూ సూర్యుడు ప్రవహించాడు. సర్వవ్యాప్తుడైన సాక్షికి ఇంతకన్నా గట్టి ఆధారం ఏముంటుందని భక్తుడు అనవచ్చు.

కాని ఆ మాటను అంగీకరించడం కష్టం. న్యూట్రినో నిర్లేపత్వానికి పరాకాష్ఠ. అది మనిషిని, రాయిని, భూమిని ఒకేలా దాటిపోతుంది, దేనిచేతా అంటబడదు. అంటబడనందువల్లే అది దేనికీ సాక్ష్యం చెప్పలేదు. ఆ కార్మికుడి ఊపిరితిత్తుల్లోని ధూళి గురించి అది మోసుకుపోయిన వార్త శూన్యం. కోలారులో ఏమైనా తెలిసిందంటే, కోట్లాది కణాల్లో ఏ ఒక్కటో రాతికి తగలడం వల్ల, ఆ తాకిడికి పుట్టిన మ్యూఆన్ సింటిలేటర్‌లో మెరుపును రేపడం వల్ల తెలిసింది. గౌరీబిదనూరు కడ్డీలోనూ అంతే: తరంగం వచ్చి అందులోని ఎలక్ట్రాన్లను ఊపకపోతే అక్కడ జ్ఞానం లేదు. తెలుసుకునే ప్రతి సాధనమూ తెలిసేదాని చేత కొంత మారుతుంది. నిర్లేపత్వం ఒక్కటే సాక్షిత్వం కాదు.

దీనికి అద్వైతి దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానాన్ని గౌరవించాలి. మారేది అంతఃకరణమనీ, ఆ మార్పును వెలిగించే చైతన్యమే సాక్షి అనీ, అది మారదనీ అతను అంటాడు. చైతన్యం విషయంలో ఆ భేదం నిలుస్తుంది. కోలారులో మ్యూఆన్లను లెక్కించిన శ్రీకంటన్ తన చివరి దశాబ్దాల్లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థలో చైతన్యం గురించిన ప్రశ్నలకే అంకితమయ్యారన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం. కాని ధర్మం విషయంలో కోరే సాక్షి వేరు. ఊపిరాడని సొరంగంలో పనిచేసినవాడు తన బాధను వెలిగించి ఊరుకునే చైతన్యాన్ని కోరడు, తన బాధకు కదిలి దాన్ని నిలిపి చెప్పేవాణ్ని కోరతాడు. కదలడం పక్షపాతానికి సమానం కాదు. సౌర విస్ఫోటాల అధ్యయనం తేల్చిందేమిటంటే, ఒకడు తీవ్రంగా చలిస్తూ కూడా ఎవరిపట్లా పక్షం వహించకుండా ఉండగలడు. సాక్షికి అచంచలత్వం కావాలన్న పాత నియమంలో పట్టుబట్టవలసినది పక్షపాతం లేకపోవడం మాత్రమే. చలించకపోవడాన్ని అందులో అనవసరంగా కలిపేశారు.

ఈ దృష్టితో చూస్తే సూర్యుడు నమోదు చేసుకునేవాడిగా మిగలకపోవచ్చు గాని, అతని చలనం నమోదవుతూనే ఉంది. విశ్వకిరణాలు వాయుమండలంలో పుట్టించే కార్బన్-14ను చెట్లు పీల్చుకుని ఏటేటా తమ వలయాల్లో దాచుకుంటాయి. సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో అది తక్కువగా, మందకొడిగా ఉన్న ఏళ్లలో ఎక్కువగా ఉంటుంది. 1645 నుంచి 1715 వరకూ మచ్చలు దాదాపు కనుమరుగైన కాలం కూడా ఆ వలయాల్లో చదవగలిగినదే. కొడైకెనాల్‌లో 1904 నుంచి సూర్యబింబాన్ని ఛాయాచిత్రాలు తీస్తూ వచ్చారు, అక్కడే 1909లో జాన్ ఎవర్షెడ్ మచ్చలనుంచి వాయువు బయటికి ప్రవహించడాన్ని కనిపెట్టాడు. గౌరీబిదనూరు ఆ వరుసలోనిదే. సూర్యుడికి ఇంతమంది సాక్షులున్నారు. గని కార్మికులకు అంతటి శ్రద్ధతో పెట్టాల్సిన లెక్క, ఏ లోతులో ఎవరు ఏ వ్యాధితో పోయారన్న లెక్క, గనులు మూతపడ్డాక కూడా పూర్తి చేయడానికి వీలున్నదే. ఆ కుటుంబాలు రాబర్ట్‌సన్‌పేటలోనూ ఆండర్సన్‌పేటలోనూ, రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయే యువతలోనూ ఇంకా ఉన్నాయి.